యెరికో గోడ కూలిన తరవాత



బైబిల్ మొత్తం ఏడాదిలో చదివేయాలని జనవరి ఒకటో తారీఖున పట్టుబట్టి మొదలుపెట్టేవాళ్ళు మన క్రైస్తవ కుటుంబాల్లో చాలామందే ఉంటారు. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున పోతుంటే ఆదికాండం కథలతో మొదటి రోజులు హాయిగా గడిచిపోతాయి. లేవీయకాండం దగ్గర కొందరు మెల్లగా జారుకుంటారు. పట్టు వదలనివాళ్ళు మార్చి మొదటి వారానికి యెహోషువ గ్రంథంలో అడుగుపెడతారు. ఆరో అధ్యాయంలో యెరికో పట్టణం వస్తుంది. ఆ కథ తెలియనిదేమీ కాదు. సండే స్కూల్లో పిల్లలు బెంచీల చుట్టూ ఏడుసార్లు తిరిగి, బూరలు ఊదినట్టు నటించి, గట్టిగా కేకలు పెట్టి, గోడ కూలిందంటూ నేలమీద దొర్లే కథ అది. పిల్లలకు కథ అక్కడితో అయిపోతుంది. ఇంట్లో కూర్చుని చదువుకునే పెద్దవాళ్ళకు మాత్రం గోడ కూలాక ఇంకో వచనం ఎదురవుతుంది. పట్టణంలో ఉన్న మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ, చిన్నవాళ్ళనూ ముసలివాళ్ళనూ, చివరికి ఎద్దుల్నీ గొర్రెల్నీ గాడిదల్నీ ఇశ్రాయేలీయులు కత్తికి బలిచేశారని ఆ వచనం చెబుతుంది. వేగులవాళ్ళను దాచిపెట్టిన రాహాబు, ఆమె ఇంటివాళ్ళు మాత్రమే బతికి బయటపడ్డారు.

ఇది సైనికులు ఒళ్ళు మరిచి చేసిన పని అయితే చిక్కు లేదు. దేవుడు చెప్పాడు కాబట్టే చేశారని గ్రంథం అంటోంది. ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయంలో ఆ ఆజ్ఞ స్పష్టంగా ఉంది. సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయానికి వస్తే ఇంకా కష్టం. అమాలేకీయుల్లో పాలు తాగే బిడ్డల్ని కూడా వదలొద్దని సౌలు రాజుకు ఆజ్ఞ అందుతుంది. సౌలు వాళ్ళ రాజు అగగును, మేలైన గొర్రెల్ని, ఎద్దుల్ని మిగిల్చి, అంతా చెప్పినట్టే చేశానని సమూయేలు ప్రవక్తకు చెబుతాడు. అలాగైతే నాకు వినిపిస్తున్న గొర్రెల అరుపుల సంగతేమిటని ప్రవక్త నిలదీస్తాడు. సౌలు రాజ్యం పోగొట్టుకున్నది అంతమందిని చంపినందుకు కాదు, అందరినీ చంపనందుకు.

ఇలాంటి వచనాల ముందు రెండువేల ఏళ్ళుగా క్రైస్తవులు ఏం చేశారన్నది ఇవాళ్టి నా ప్రసంగ విషయం. క్రైస్తవులు కాని శ్రోతలకు ఇది మరీ పరాయి సంగతేమీ అనిపించదనుకుంటాను. వాలిని చెట్టు చాటునుంచి కొట్టడం ధర్మమేనా అని మనవాళ్ళు ఎన్ని అరుగుల మీద వాదించుకోలేదు! త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 'శంబుక వధ' నాటకం రాసిందీ ఇలాంటి ఒక ఘట్టం మింగుడుపడకనే కదా.

ఈ ప్రశ్నలు ఈమధ్య నాస్తికులు లేవదీసినవని కొందరు విశ్వాసులు అనుకుంటారు. కాదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలోనే మార్కియోను అనే ఓడల యజమాని, నల్లసముద్రం ఒడ్డున ఉన్న సినోపె రేవునుంచి రోముకు వచ్చాడు. అక్కడి సంఘానికి రెండు లక్షల సెస్టర్సుల కానుక ఇచ్చాడు. ఆ తరవాత తన మాట బయటపెట్టాడు. పాత నిబంధనలో యుద్ధాలు చేయించే దేవుడు వేరు, యేసు తండ్రీ అని పిలిచిన దేవుడు వేరు అన్నాడు. పాత నిబంధన మొత్తాన్నీ పక్కన పెట్టి, లూకా సువార్తను తనకు నచ్చినట్టు కత్తిరించి, పౌలు పత్రికలు ఒక పది మాత్రం ఉంచుకున్నాడు. 144లో సంఘం ఆయన్ని వెలివేసింది. తీసుకున్న డబ్బు కూడా తిరిగి ఇచ్చేసింది. కానుకలు తిరిగిచ్చిన సంఘాలు చరిత్రలో మరీ ఎక్కువ లేవు కాబట్టి ఈ సంగతి నాకు భలే ఇష్టం.

మార్కియోను మాట వినుంటే క్రైస్తవులకు ఈ తలనొప్పి ఉండేదే కాదు. ఇబ్బంది పెట్టే పుటలు లేకుండా పోయేవి. కానీ వాటితోపాటే ప్రవక్తలూ పోయేవారు, కీర్తనలూ పోయేవి, యేసు స్వయంగా చదువుకున్న గ్రంథమే పోయేది. అందుకని ఉంచుకున్నారు. ఉంచుకున్నాక జవాబు చెప్పుకోవలసిన భారం కూడా నెత్తిన పడింది.

మొదటి పెద్ద జవాబు మూడో శతాబ్దంలో ఓరిగెను ఇచ్చాడు. అలెగ్జాండ్రియా పండితుడు, తరవాత పాలస్తీనాలోని కైసరయలో స్థిరపడ్డాడు. యెహోషువ గ్రంథం మీద ఆయన చేసిన ప్రసంగాలు ఇరవయ్యారు లాటిను అనువాదంలో మిగిలాయి. యెరికో ఉన్న కనాను దేశం మన లోపలే ఉంది, అక్కడ తిష్ఠ వేసిన రాజులు మన కోపం, మన లోభం, మన గర్వం, వాటిలో ఒక్కదాన్ని కూడా ప్రాణంతో వదలకూడదు అంటాడాయన. ఈ యుద్ధాలు ఆత్మలో జరిగే పోరుకు గుర్తులు కాకపోతే, శాంతి నేర్పడానికి వచ్చిన క్రీస్తు శిష్యులు వీటిని సంఘాల్లో చదవమని అప్పగించేవాళ్ళే కాదని ఆయన వాదన. గ్రంథంలో అక్కడక్కడా దేవుడే కావాలని అడ్డురాళ్ళు వేశాడని కూడా అన్నాడు. కాలికి తగిలితేనే గదా మనిషి ఆగి లోతుగా చూస్తాడు!

మన తెలుగు సంఘాల్లో ఆదివారం ప్రసంగాలు విన్నవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. మీ జీవితంలో యెరికో గోడ ఏది, అప్పుల గోడా, రోగాల గోడా, ఉద్యోగం రాని గోడా అని పాస్టరుగారు అడుగుతారు, స్తుతిస్తే కూలుతుంది అంటారు. ఓరిగెను వేసిన బాటే ఇది. ఒక్క తేడా ఉంది. ఓరిగెను ఆ వచనం చదివి ఉలిక్కిపడి ఆ దారి పట్టాడు. మనవాళ్ళు ఆ వచనం దాకా పోకుండానే, గోడ దగ్గరే ఆగిపోయి ఆ దారి పడుతున్నారు.

ఉలిక్కిపడ్డవాళ్ళలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించే మనిషి నిస్సా ఊరి గ్రెగొరీ. నాలుగో శతాబ్దం, ఇప్పటి తుర్కియేలోని కప్పదొకియ ప్రాంతంలో బిషప్పు. మోషే జీవితం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఐగుప్తులో తొలిచూలు బిడ్డలందరూ ఒకే రాత్రి చనిపోయిన ఘట్టం దగ్గరకు వచ్చి కలం ఆపాడు. తప్పు చేసింది ఫరో, శిక్ష పడింది చంటిబిడ్డకు. ఆ బిడ్డకు తల్లి రొమ్ము తప్ప లోకం తెలియదు, కుడి ఎడమలు తెలియవు, కీడు చేసే వయసే లేదు. తండ్రి పాపానికి ఈ బిడ్డ బలైతే న్యాయం ఎక్కడుంది, తండ్రి దోషం కొడుకు మొయ్యడని చెప్పిన యెహెజ్కేలు ప్రవక్త మాట ఏమైనట్టు అని అడుగుతాడు. అడిగింది నాస్తికుడు కాదు, ఒక బిషప్పు, అదీ పదహారు వందల ఏళ్ళ కిందట. తరవాత ఆయన కూడా ఓరిగెనులాగే, చెడును పుట్టీ పుట్టగానే తుంచెయ్యమని దాని భావమని తేల్చాడు. ఆ తేల్చడం కన్నా ముందు అడిగిన ప్రశ్నే నాకు విలువైనది. మనుషుల్ని కొని అమ్మడం దేవుడి మీద తిరుగుబాటేనని, సాటివాళ్ళెవరూ నోరెత్తని రోజుల్లో, ప్రసంగించినవాడు కూడా ఈ గ్రెగొరీయే. చచ్చిపోయిన బిడ్డ వైపు కళ్ళు తిప్పి చూడగలిగినవాడికి సంతలో అమ్ముడుపోయే మనిషి కూడా కనపడ్డాడు.

రెండో తరహా జవాబు సూటిగా ఉంటుంది. ప్రాణం ఇచ్చినవాడికి ప్రాణం తీసుకునే హక్కు ఉంది, దేవుడు ఆజ్ఞాపించాక అది హత్య కాదు, తీర్పు. ప్రాచీన సంఘపు బిషప్పు అగస్టీను దాదాపు ఇదే అన్నాడు. జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విన్ తన ఆఖరి వ్యాఖ్యానాన్ని యెహోషువ గ్రంథం మీదే రాశాడు. అది 1564లో, ఆయన పోయిన ఏడాదే వచ్చింది. దేవుడి ఆజ్ఞే లేకపోతే ఇది అమానుషమైన క్రూరత్వమని ఆయనా ఒప్పుకున్నాడు. ఇవాళ మన ఊళ్ళలో ఎవరైనా కుర్రాడు లేచి అడిగితే వినపడే జవాబు కూడా ఈ కోవలోదే. కనానీయుల పాపం పండిందనీ, వాళ్ళు పిల్లల్ని నిప్పుల్లో బలిచ్చేవాళ్ళనీ, దేవుడు నాలుగు వందల ఏళ్ళు ఓపిక పట్టాడనీ చెబుతారు. ఆదికాండం 15వ అధ్యాయంలో ఆ నాలుగు వందల ఏళ్ళ మాట నిజంగానే ఉంది. కానీ పిల్లల్ని చంపిన నేరానికి శిక్షగా మళ్ళీ ఆ పిల్లల్నే చంపడం ఏం తీర్పని ఆ కుర్రాడు రెండో ప్రశ్న వేస్తే సాధారణంగా ప్రార్థన చేసి సభ ముగిస్తారు.

ఈ జవాబులో అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. ఆజ్ఞ తమకూ అందిందని ఎవరైనా అనుకోవచ్చు. 1637 మే నెలలో, ఇప్పటి అమెరికాలోని కనెక్టికట్ ప్రాంతంలో, మిస్టిక్ అనేచోట పెక్వాట్ తెగ గ్రామానికి ఇంగ్లీషు వలసదారులు తెల్లవారుజామున నిప్పు పెట్టారు. బయటికి పరుగెత్తినవాళ్ళను కత్తులతో, తుపాకులతో చంపారు. చనిపోయింది కొన్ని వందలమంది. వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళే ఎక్కువ. ఆ దాడి నడిపిన నాయకుల్లో ఒకడైన జాన్ అండర్‌హిల్ మరుసటి ఏడాది లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. క్రైస్తవులకు ఇంకాస్త దయ ఉండొద్దా అని ఎవరైనా అడుగుతారేమోనని ముందే ఊహించి, దావీదు యుద్ధాలు చూడమన్నాడు. కొన్నిసార్లు తల్లిదండ్రులతోపాటు ఆడవాళ్ళూ పిల్లలూ కూడా పోవాలని లేఖనమే చెబుతోందన్నాడు. తన చేతలకు దేవుడి వాక్యమే అనుమతి అని నమ్మి రాశాడు. కనాను విషయం ఒక్కసారికే, ఆ కాలానికే పరిమితమని ఇప్పటి వేదాంతులు ఎంత చెప్పినా, అండర్‌హిల్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి.

మూడో జవాబు ఈ కాలంలో పండితుల మధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. దీనికి గ్రంథంలోనే గట్టి ఆధారాలున్నాయి. యెహోషువ పదో అధ్యాయం ప్రకారం హెబ్రోనులో ఒక్కడూ మిగల్లేదు. పదిహేనో అధ్యాయంలో అదే హెబ్రోనునుంచి కాలేబు అనాకు కొడుకుల్ని ముగ్గురిని తరిమేస్తాడు. ఎవరూ లేని ఊళ్ళో వీళ్ళెక్కడివాళ్ళు? న్యాయాధిపతుల మొదటి అధ్యాయం తెరిస్తే ఏ గోత్రం ఏ ఊరివాళ్ళను తరమలేకపోయిందో జాబితా ఉంటుంది. సౌలు కాలంలో సమూలంగా పోయిన అమాలేకీయులు సమూయేలు మొదటి గ్రంథం 30వ అధ్యాయంలో సిక్లగు మీద పడి ఊరు తగలబెడతారు. దావీదు వెంటపడి కొట్టాక కూడా నాలుగు వందలమంది కుర్రాళ్ళు ఒంటెలెక్కి పారిపోతారు. కాబట్టి ఒక్కడూ మిగల్లేదన్నది ఆ కాలపు యుద్ధ కథనాల ధోరణి అని నికొలస్ వోల్టర్‌స్టార్ఫ్, పాల్ కోపన్ వంటివాళ్ళు వాదిస్తారు. పొరుగు రాజ్యాల శాసనాలూ ఇందుకు సాక్ష్యం చెబుతాయి. 1896లో ఐగుప్తులోని థీబ్స్‌లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వి తీసిన మెర్నెప్తా శాసనం క్రీస్తుపూర్వం 1208 ప్రాంతం నాటిది. ఇశ్రాయేలుకు విత్తనం కూడా మిగల్లేదని ఫరో అందులో చెప్పుకున్నాడు. 1868లో ఇప్పటి జోర్డాన్‌లోని దీబానులో దొరికిన మోయాబు రాజు మేషా శాసనం ఇప్పుడు ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇశ్రాయేలు శాశ్వతంగా నాశనమైపోయిందని అతనూ చాటుకున్నాడు. నెబో పట్టణంలో ఏడువేల మందిని తన దేవుడికి అర్పణగా చంపానని కూడా చెక్కించాడు. మనకూ రాజుల శాసనాలు కొత్త కాదు. శత్రువుల్ని నామరూపాలు లేకుండా చేశామన్న బిరుదులు ఎన్ని రాళ్ళ మీద లేవు!

యెరికోలో 1952 నుంచి 1958 దాకా కాథ్లీన్ కెన్యన్ జరిపిన తవ్వకాల్లో, యెహోషువ కాలమని చెప్పే రోజుల్లో అక్కడ ప్రాకారమున్న పెద్ద పట్టణం ఉన్న జాడలు దొరకలేదు. కొందరు క్రైస్తవ పండితులకు ఇది ఇబ్బంది, మరికొందరికి ఊరట.

నాకు ఈ మూడో జవాబు ఊరట ఇవ్వదు. గ్రంథం ఎలా రాశారన్నది ఇది చాలావరకు వివరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ సమూయేలు ప్రవక్త ఆ మాటను అతిశయోక్తిగా తీసుకోలేదే! ఒక్క అగగును, కొన్ని పశువుల్ని వదిలినందుకు రాజ్యమే తీసేశాడు. పైగా చనిపోయినవాళ్ళు తక్కువమందే అయ్యుంటారు లెండి అనడం, ఆ తక్కువమందిలో బిడ్డ పోయిన తల్లికి చెప్పదగ్గ మాట కాదు.

సమర్థన దారితప్పితే ఎంతదూరం పోతుందో 2011లో చూశాం. విలియం లేన్ క్రెయిగ్ అమెరికాలో పేరున్న క్రైస్తవ తత్వవేత్త. కనాను పిల్లలు చనిపోయినా నేరుగా పరలోకానికే వెళ్ళారు కాబట్టి వాళ్ళకు అన్యాయం జరగలేదని, నిజంగా జాలిపడవలసింది ఆ పని చెయ్యాల్సి వచ్చిన ఇశ్రాయేలు సైనికుల మీదనని రాశాడు. అలా రాసినవాడితో వేదిక పంచుకోనని పేరున్న నాస్తికుడు రిచర్డ్ డాకిన్స్ ఆ అక్టోబరులో పత్రికకెక్కాడు. ఆక్స్‌ఫర్డ్‌లో క్రెయిగ్ సభ జరిగినప్పుడు డాకిన్స్ కోసం ఒక ఖాళీ కుర్చీ వేసి ఉంచారు. డాకిన్స్ జంకాడనేవాళ్ళు ఉన్నారు, ఉండనివ్వండి. ఆ వాక్యాలు చదివి చర్చికి వెళ్ళే మామూలు మనుషులు కూడా బెదిరారు. చంటిబిడ్డ చావును లాభసాటిగా లెక్కకట్టే తర్కం ఎంత నిర్దుష్టంగా ఉంటే అంత భయం వేస్తుంది.

నాలుగో దారి, నా మనసు మొగ్గే దారి, బైబిల్‌ను బైబిల్‌తోనే కొలవడం. కత్తోలికుల రెండో వాటికన్ సభ 1965లో వెలువరించిన ప్రకటనలో, పాత నిబంధన గ్రంథాల్లో అసంపూర్ణమైనవీ ఆ కాలానికే చెల్లేవీ కూడా ఉన్నాయని, దేవుడు మనిషికి మెల్లమెల్లగా నేర్పుతూ వచ్చిన తీరు వాటిలో కనిపిస్తుందని రాశారు. వినడానికి ఇది తప్పించుకునే మాటలా ఉంటుంది. యోనా గ్రంథం చివరికి వెళ్ళండి, అప్పుడు బరువు తెలుస్తుంది. నీనెవె ఇశ్రాయేలును పీడించిన అష్షూరు వాళ్ళ మహానగరం. దాన్ని దేవుడు నాశనం చెయ్యలేదని యోనా అలిగి కూర్చుంటాడు. కుడి ఎడమలు తెలియనివాళ్ళు లక్షా ఇరవైవేలకు పైగా ఉన్న ఊరు, పశువులు కూడా బోలెడున్న ఊరు, దానిమీద జాలిపడనా అని దేవుడు అడుగుతాడు. గ్రంథం అక్కడితో అయిపోతుంది, యోనా జవాబు ఉండదు. యెరికోలో పసివాళ్ళూ పశువులూ కత్తికి బలైన జాబితాలో ఉన్నారు. నీనెవెలో అదే పసివాళ్ళూ అవే పశువులూ ఊరిని వదిలెయ్యడానికి కారణమయ్యారు. ఈ రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. గ్రెగొరీ ఆ ఐగుప్తు బిడ్డ గురించి రాస్తూ కుడి ఎడమల మాట ఎత్తినప్పుడు ఆయన చెవుల్లో యోనా మోగుతున్నాడని నా ఊహ.

కొత్త నిబంధనకు వస్తే, మత్తయి 15వ అధ్యాయంలో యేసు ఎదుటికి దెయ్యం పట్టిన కూతురి కోసం మొరపెట్టుకుంటూ ఒక తల్లి వస్తుంది. ఆమె కనానీయురాలు. శిష్యులు పంపించెయ్యమంటారు, యేసు కూడా మొదట కటువుగానే మాట్లాడతాడు, ఆమె మాటకు మాట చెప్పి నెగ్గుతుంది. కూతురు బాగుపడుతుంది. ఏ జాతి పిల్లల మీద జాలి చూపవద్దని పాత ఆజ్ఞ చెప్పిందో ఆ జాతి పిల్లే.

ఇంతవరకు పండితుల మాటలు చెప్పాను. బడికి పోని ఒక ముసలమ్మ చేసిన వ్యాఖ్యానం కూడా వినండి. హవర్డ్ థర్మన్ అమెరికాలో నల్లజాతి వేదాంతి, 1936లో బార్డోలీలో గాంధీగారిని కలిసినవాడు. ఆయన అమ్మమ్మ బానిసగా పుట్టింది. చదువు రాదు. ఫ్లారిడాలో చిన్నతనంలో ఆమెకు బైబిల్ చదివి వినిపించడం ఈయన పని. కీర్తనలు చదవమనేది, యెషయా చదవమనేది, సువార్తలు మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. పౌలు పత్రికలు మాత్రం వద్దనేది. ఎప్పుడైనా కొరింథీయుల మొదటి పత్రికలో ప్రేమ అధ్యాయానికి మినహాయింపు. కొన్నేళ్ళ తరవాత ధైర్యం చేసి ఎందుకని అడిగాడు. బానిసగా ఉన్న రోజుల్లో యజమాని తరఫు తెల్ల ప్రసంగీకుడు ఎప్పుడు వచ్చినా పౌలు పత్రికల్లోంచి దాసులు యజమానులకు లోబడాలన్న మాటే చెప్పేవాడని, ఏనాటికైనా విడుదలై చదువు వస్తే ఆ భాగం చదవనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నానని చెప్పింది. థర్మన్ ఇది 1949లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. యజమానులకూ ఇదే సంగతి ఇంకో పక్కనుంచి తెలుసు. 1807లో లండన్‌లో కరీబియన్ దీవుల బానిసల కోసం ఒక బైబిల్ అచ్చువేశారు. ఐగుప్తు దాస్యంనుంచి ఇశ్రాయేలు బయటపడ్డ కథ అందులోంచి తీసేశారు. మార్కియోను చేసిన కత్తిరింపు పని వాళ్ళు దొరతనం కోసం చేస్తే, అమ్మమ్మ తన ఆత్మగౌరవం కాపాడుకోవడానికి చేసింది. రెండింటినీ ఒకే గాటన కట్టలేను.

ఆ విడుదల కథ మన దళిత క్రైస్తవ వేదాంతానికి కూడా ప్రాణం. అర్వింద్ నిర్మల్ వంటివాళ్ళు అందులో తమ చరిత్ర చూసుకున్నారు. కానీ ఆ కథకు రెండో సగం ఉందని 1989లో రాబర్ట్ వారియర్ గుర్తుచేశాడు. ఆయన అమెరికా ఆదివాసుల్లో ఓసేజ్ జాతివాడు. మీరందరూ ఐగుప్తునుంచి బయటపడే ఇశ్రాయేలీయుల్లో మిమ్మల్ని చూసుకుంటారు, ఆ కథలో నేను కనానీయుణ్ణి అన్నాడు. అదే ఏడాది పాలస్తీనా ఆంగ్లికన్ గురువు నయీం అతీక్ కూడా, 1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడినప్పుడు ఊరు వదిలివెళ్ళాల్సి వచ్చిన తమవాళ్ళకు పాత నిబంధన చదవడం ఎంత కష్టమైందో రాశాడు. మన తెలుగు క్రైస్తవ పాటల్లో కనాను అంటే పాలు తేనెలు ప్రవహించే దేశం, చివరికి చేరుకోవలసిన పరలోకం. ఎన్ని పాటలు పాడుకున్నా ఆ దేశంలో ముందే కాపురముంటున్నవాళ్ళు ఒక్క చరణంలోనూ తగలరు.

ఇక 137వ కీర్తన సంగతి చెప్పి ముగిస్తాను. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చే చెరవాళ్ళ పాట అది. మొదటి వచనాలు అందరికీ ఇష్టం. చివరి వచనంలో బబులోను పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాణ్ణి దీవిస్తుంది. ఓరిగెను ఆ పిల్లల్ని మనలో అప్పుడే పుట్టిన చెడు తలపులన్నాడు. ఇంగ్లీషు రచయిత సి.ఎస్. లూయిస్ 1958లో ఇంచుమించు అదే దారి పట్టాడు, అయితే శాపాల కీర్తనల్లోని ద్వేషాన్ని మాత్రం దాచకుండా ద్వేషమనే అన్నాడు. 1970ల మొదట్లో కత్తోలిక సంఘం తన దైనిక ప్రార్థనల గ్రంథాన్ని సంస్కరించినప్పుడు 58, 83, 109 కీర్తనల్ని పూర్తిగా తీసేసింది, 137 చివరి వచనాల్ని కూడా వదిలేసింది. చదివేవాళ్ళ మనసు నొచ్చుకుంటుందన్నది వాళ్ళు చెప్పిన కారణం.

ఈ విషయంలో నేను వాళ్ళతో ఏకీభవించను. యెహోషువలో ఉన్నది ఆజ్ఞ, గెలిచినవాళ్ళ కథ. ఇక్కడ ఉన్నది ఓడిపోయినవాళ్ళ నోటి మాట. పట్టణాలు పడిపోయినప్పుడు పసివాళ్ళను నేలకేసి కొట్టడం ఆ కాలపు సైన్యాలు చేసిన పనేనని హోషేయ గ్రంథం చదివితే తెలుస్తుంది. ఈ పాట కట్టినవాళ్ళు అది కళ్ళారా చూసి ఉంటారు. వాళ్ళు కత్తి పట్టలేదు, దేవుడితో చెప్పుకున్నారు. యెహోషువ ఆరో అధ్యాయం మీద ఆదివారం నాడు గోడ దాకానే ప్రసంగించి దిగిపోయేవాళ్ళు, ఈ చెరవాళ్ళకు మాత్రం కడుపుకోతతో అన్న ఆఖరి మాట మింగెయ్యమని చెప్పడం నాకు సబబుగా తోచదు. కత్తిరించిన వచనాల్ని తిరిగి చేర్చాలనే నా అభిప్రాయం. చదివేటప్పుడు గొంతు పట్టుకుంటే పట్టుకోనివ్వండి.